కొండల నడుమ కడలి: నార్వే ఫియర్డు సీమ

(సాంస్కృతిక సంఘ సమావేశమునందలి ప్రసంగపాఠము)



పాపికొండల నడుమ గోదావరిపై లాంచిలో పయనించిన తెలుగువారికి నార్వే దేశపు ఫియర్డులను గూర్చి చెప్పుట కొంత సులువు, కొంత కష్టము. ఇరువైపుల కొండలు దగ్గరకు జరిగి, నీరు నల్లబడి, మలుపు వచ్చినపుడెల్ల ముందు దారి మూసికొనిపోయినదేమో అను భ్రమ కలిగించు దృశ్యము వారి కన్నులలో మునుపే యున్నది. అది సులువు. ఆ పోలిక అక్కడితోనే ఆగిపోవును. ఇది కష్టము. గోదావరి నది. ఫియర్డు నది కాదు, అది సముద్రమే. తీరమును విడిచి కొండలలోనికి చొచ్చుకొని వచ్చి, తిరిగి పోవుట మరచిన సముద్రము. పడమటి తీరమునుండి సుమారు 200 కిలోమీటర్లు లోపలికి వచ్చిన తరువాత కూడ, మంచుకొండల పాదములయొద్ద నీరు దినమునకు రెండు సారులు పొంగి రెండు సారులు తగ్గుచుండును.

నార్వే ఫియర్డులలో పొడవైనది సోగ్నె ఫియర్డు. దాని పొడవు సుమారు 205 కిలోమీటర్లు. అనగా ఢిల్లీనుండి ఆగ్రాకు గల దూరమువంటిది. దాని లోతు 1300 మీటర్లకు మించును. ఒడ్డుననే లేచిన కొండలు వేయి మీటర్లకు పైబడినవి. కావున పడవపైనున్న యాత్రికుడు చూచునది గోడలో సగము మాత్రమే. తక్కిన సగము అతని కాళ్ళక్రింద చీకటి నీటిలో నున్నది. ఇంత లోతైన జలము సముద్రములో కలియుచోట మాత్రము గుమ్మమువలె మెరకయై, లోతు ఒక్కసారిగా తగ్గిపోవుట ఒక వింత.

ఆ వింతలోనే ఫియర్డు పుట్టుక దాగియున్నది. నది కొండను కోసినచో లోయ అడుగున సన్నముగను, పైన వెడల్పుగను ఉండును. ఫియర్డును కోసినది నీరు కాదు, మంచు. మంచుయుగములయందు స్కాండినేవియా అంతయు వేలకొలది అడుగుల మందము గల మంచుతో కప్పబడియుండెను. ఆ మంచు తన బరువుచేతనే పాత నదీలోయల వెంబడి పడమటికి జారుచు, రాళ్ళను పెకలించి, వాటినే ఆకురాయిగా చేసికొని అడుగును, ప్రక్కలను ఒరసివేసెను. అందుచేతనే గోడలు నిలువుగను, అడుగు గుండ్రముగను ఏర్పడినవి. తీరము చేరగానే మంచు పలుచబడి నీటిపై తేలుటచే దాని కోతశక్తి తగ్గెను; అది మోసికొని వచ్చిన రాతిపొడియు అక్కడనే దిగబడెను. ఆ మిగిలినదే గుమ్మము. సుమారు 10,000 సంవత్సరములకు పూర్వము మంచు వెనుకకు తగ్గగా ఆ తొట్టెలలోనికి సముద్రము ప్రవేశించినది. పెద్ద హిమానీనదమునకు తోడుగా వచ్చిన చిన్నవాటికి అంత లోతుగా కోయు బలము లేకపోయెను. అందుచే వాటి లోయలు నేటికిని కొండగోడలో సగమెత్తున వ్రేలాడుచున్నవి. వాటినుండి దూకు నీరే యాత్రికులు ఛాయాచిత్రములు తీసికొను జలపాతములు.

ఇంతటి ఉత్తరదేశమున ఆ నీరు గడ్డకట్టదా యని సందేహము కలుగవచ్చును. ఈ ఫియర్డులున్న అక్షాంశము 61, 62 డిగ్రీలు. గ్రీన్లాండు దక్షిణభాగమున్నదియు అదే. అయినను అట్లాంటికు మహాసముద్రమునుండి వచ్చు వెచ్చని ప్రవాహమువలన ఇచ్చటి రేవులు శీతకాలమందును తెరచియే యుండును. హార్డాంగర్ ఫియర్డు ఒడ్డున మే నెలలో ఆపిలు చెట్లు పూయును; అదే సమయమున వాటిమీది కొండకొమ్ములపై మంచు తెల్లగా నిలిచియుండును. ఆ వారము చూడనివాడు హార్డాంగరును చూడనట్లే యని అచ్చటివారి గర్వము. అది కొంత న్యాయమైన గర్వమే.

యాత్ర సాధారణముగా బెర్గెన్ నగరమునుండి ప్రారంభమగును. ఆ నగరమునకు వాన పెట్టినది పేరు. గొడుగు లేక బయలుదేరినవాడు తొలిదినముననే గొడుగు కొనును. అచ్చటినుండి 1909లో పూర్తియైన బెర్గెన్ రైలుమార్గమున కొండలమీదుగా మిర్డాల్ అను స్టేషను చేరవలెను. అది 866 మీటర్ల ఎత్తున నున్నది. మిర్డాల్ నుండి ఫ్లోమ్ వరకు 20 కిలోమీటర్ల దూరములో మరియొక రైలు సముద్రమట్టమునకు దిగిపోవును. రైల్వేశాఖవారు ఈ సభలో నుందురు గనుక ఒక లెక్క చెప్పుట అనుచితము కాదు. మన కాల్కా–సిమ్లా మార్గమున వాలు ముప్పదిమూడింట ఒకటి. అది సన్నపట్టాల మార్గము. ఫ్లోమ్ మార్గము మామూలు వెడల్పు గలది. దాని వాలు పదునెనిమిదింట ఒకటి. నీలగిరి రైలుకు వలె పండ్లపట్టా యేదియు లేదు. బ్రేకులపై భారము వేసియే దిగవలెను. దారిలో 20 సొరంగములు కలవు. వానిలో 18 చేతిపనిముట్లతోనే త్రవ్వబడినవి. 1940లో రైళ్ళు నడచుట ఆరంభమైనది. నడుమ ఖ్యోస్ జలపాతమువద్ద రైలు కొన్ని నిమిషములాగును. వేసవిలో ఎఱ్ఱని వస్త్రములు ధరించిన ఒక యువతి ఆ రాళ్ళపై కనబడి, పాటకు అనుగుణముగా నాట్యమాడి మాయమగును. ఆమె అచ్చటి జానపదకథలలోని వనకన్యయట. ఈ వినోదము లేకపోయినను ఆ జలపాతమునకు వచ్చిన లోటేమియు లేదు.

ఫ్లోమ్‌నుండి గుడ్‌వాంగెన్ వరకు పడవప్రయాణము. సోగ్నె ఫియర్డునకు కొమ్మవంటిదగు నారోయ్ ఫియర్డు ఒకచోట 250 మీటర్ల వెడల్పు మాత్రమే గలది. ఆ ఇరుకున పడవ ప్రవేశింపగనే మాటలాడుచున్నవారు తమంతతామే ఊరకుందురు. దారిలో ఉండ్రెడాల్ అను పల్లె కలదు. 1988 వరకు ఆ పల్లెకు బండిదారియే లేదు, రాకపోకలన్నియు నీటిమీదనే. అచ్చట మనుష్యులకంటె మేకలు ఎక్కువ. మేకపాలను విరిచి గడ్డను వేరుచేయగా మిగిలిన తేటను గంటలకొలది కాచి, ఎఱ్ఱబారిన తరువాత గట్టిపరచి జున్నుగడ్డలు చేయుదురు. మొదటిసారి నోట వేసికొన్న తెలుగువానికి మాడీమాడని పాలకోవ స్ఫురించును. వెంటనే తగులు ఉప్పదనము మాత్రము ఇది మిఠాయి కాదని హెచ్చరించును. వేసవిలో పశువులను పైకొండలపైనున్న కుటీరములకు తోలుకొనిపోయి అచ్చటనే పాలుపిదికి జున్ను చేయుట వారి పూర్వాచారము. హిమాలయ ప్రాంతములలో గద్దీలను చూచినవారికి ఈ ఋతుసంచారము క్రొత్త కాదు.

సోగ్నె ఫియర్డు లోపలి కొనను రెండు మూడు స్థలములు మిక్కిలి చూడదగినవి. ఉర్నెస్‌లోని కొయ్యచర్చి 12వ శతాబ్దమునాటిది. ఎనిమిది వందల యేండ్ల వానకు, మంచుకు తాళిన ఆ కొయ్యపై ఒకదానినొకటి పెనవేసికొన్న మృగముల చెక్కడములను చూడవచ్చును. 1979లో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. షోల్డెన్ అను పల్లెకు పైన, సరస్సు ఒడ్డున నిటారైన రాతిపై, తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ 1914లో తనకొక యిల్లు కట్టించుకొనెను. కేంబ్రిడ్జి పండితుల సంభాషణములనుండి తప్పించుకొనుటకు అతనికి అంతకంటె దూరమైన చోటు దొరకలేదు కాబోలు. 1936, 1937 సంవత్సరములలో తిరిగివచ్చి అచ్చటనే తన ప్రధానగ్రంథమునకు పనిచేసెను. అతడు ఆస్ట్రియా దేశీయుడగుటచే ఊరివారు ఆ యింటికి ఆస్ట్రియా అనియే పేరుపెట్టిరి. తరువాత విప్పి ఊరిలోనికి తరలింపబడిన ఆ యిల్లు 2019లో మరల యథాస్థానమున నిలుపబడినది.

సమీపముననే యూరపు ప్రధానభూభాగమున అన్నిటికంటె పెద్దదైన యోస్టెడాల్ హిమానీక్షేత్రము కలదు. దాని నాలుకలలో ఒకటి నీగార్డ్ హిమానీనదము. ఆ పేరు అచ్చటి వ్యవసాయక్షేత్రముది. 18వ శతాబ్దమున శీతలము హెచ్చగా మంచు లోయలోనికి దిగివచ్చి పొలములను, ఇండ్లను నూరివేసెను. 1748 నాటికి అది అత్యంతదూరము ముందుకు వచ్చెను. నాటి రైతులు మంచు ముందుకు వచ్చుచున్నదని భయపడిరి. నేటి శాస్త్రజ్ఞులు అదే మంచు వెనుకకు పోవుచున్నదని కొలుచుచున్నారు. పొలమును మ్రింగిన మంచునకు ఆ పొలము పేరు మాత్రము నిలిచినది.

ఇక ఉత్తరముగా గైరాంగర్ ఫియర్డు. ఇది కేవలము 15 కిలోమీటర్ల కొమ్మ. నారోయ్ ఫియర్డుతోపాటు ఇదియు 2005లో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినది. ఒక గోడపైనుండి ఏడు పాయలుగా దూకు జలపాతమును ఏడుగురు అక్కచెల్లెండ్రందురు. ఎదుటి గోడపైనున్న ఒంటరి జలపాతము పెండ్లికొడుకు. ఏడుగురిని అడిగి ఏడుగురిచేత కాదనిపించుకొన్న అతడు త్రాగుడు మరిగెననియు, అందుచేతనే ఆ జలపాతమున సీసా ఆకారము కనబడుననియు పడవవారు చెప్పుదురు. ఈ కథను ప్రతి పడవలోను చెప్పుదురు. ప్రతి పడవలోను నవ్వుదురు.

అయితే ఆ జలపాతములకంటె చూడవలసినవి వాటి ప్రక్కనున్న ఇండ్లు. నీటినుండి 250 మీటర్ల ఎత్తున, గోడకు అంటించిన అరవంటి చిన్న చదునుపై స్కాగెఫ్లో అను వ్యవసాయక్షేత్రము కలదు. ఎదుట ఏడుగురు అక్కచెల్లెండ్ర ప్రక్కన క్నీవ్స్‌ఫ్లో. క్రిందినుండి చూచిన యాత్రికునికి మొదట కలుగు ప్రశ్న ఒక్కటే: మనుష్యులు అచ్చటికి ఎందుకు పోయిరి? సమాధానము ఎండ. ఫియర్డు అడుగున ఎన్నో ఇండ్లు శీతకాలమున నెలలతరబడి సూర్యుని చూడవు. ఆ అరలపై ఎండ తగులును, గడ్డి ముందుగా మొలచును, మేకలకు కొండయంతయు మేతబీడు. నార్వేలో సాగుకు తగిన నేల చాల స్వల్పము. కావున చాపంత నేల దొరకినను దానిని విడువలేదు. స్కాగెఫ్లో పేదయిల్లు కాదు. ఆ చుట్టుప్రక్కల సంపన్నక్షేత్రములలో దానికి పేరుండెను. పసిబిడ్డలు ఆడుకొనుచు అంచునుండి జారిపడకుండ నడుమునకు త్రాడుకట్టి గుంజకు బిగించెడివారని చెప్పుదురు. పన్ను వసూలుచేయు అధికారి పడవలో వచ్చుచున్నాడని తెలియగనే స్కాగెఫ్లోవారు దారిలోనున్న నిచ్చెనను పైకి లాగివేసెడివారట. ఈ సభలో ఆదాయపుపన్ను శాఖవారెవరైన నున్నచో వారు ఈ సంగతిని మనసున నుంచుకొనరాదు.

క్నీవ్స్‌ఫ్లోను 19వ శతాబ్దము చివర విడిచిపెట్టిరి. కారణము ఇంటిమీదికి వ్రేలాడుచున్న బండ. స్కాగెఫ్లో 20వ శతాబ్దము రెండవ దశకమున నిర్జనమాయెను. ఆ శతాబ్దముల కాలముననే నార్వేనుండి సుమారు ఎనిమిది లక్షలమంది అమెరికాకు వలసపోయిరి. ఫియర్డు పల్లెలు అందుకు పెద్దయెత్తున మనుష్యుల నిచ్చినవి. కూలిపోవుచున్న ఆ యిండ్లను చూచి స్థానికులు 1975లో ఫియర్డుమిత్రుల సంఘమొకటి స్థాపించి, కొయ్యయు పెంకుటిరాయియు మోసికొనిపోయి వాటి కప్పులను నిలబెట్టిరి. 1993లో నార్వే రాజు హరాల్డు, రాణి సోనియా తమ వివాహరజతోత్సవమున అతిథులతో స్కాగెఫ్లోకు వెళ్ళి విందు చేసికొనిరి. ఆనాడు నిచ్చెనను ఎవరును లాగలేదు.

కొండ పడుట అచ్చట కథ కాదు. 1905 జనవరి 15వ తేదీ రాత్రి లోయెన్ వద్దనున్న సరస్సులోనికి రామ్నెఫ్యెల్ కొండముక్క కూలెను. అది ఫియర్డు కాదు, ఫియర్డు తలకు పైనున్న మంచినీటి సరస్సు. కొండముక్క లేపిన అల ఒడ్డుననున్న ఇండ్లను తుడిచిపెట్టెను. 61 మంది మరణించిరి. సరస్సుపై నడచెడి చిన్న ఆవిరిపడవ ఒడ్డు దాటి నేలపై చాలదూరమున పడెను. బ్రతికినవారు మరల అచ్చటనే ఇండ్లు కట్టుకొనిరి. వారి పొలములు అచ్చటనే యున్నవి; వారు మరెక్కడికి పోగలరు? 1936 సెప్టెంబరు 13న అదే కొండ మరల కూలెను. ఈసారి 70 మందికి పైగా పోయిరి. 1905లో ఒడ్డున పడిన పడవ శిథిలమును ఆ అల మరికొంత పైకి నెట్టెను.

ఆ రెంటి నడుమ 1934 ఏప్రిలు 7వ తేదీ తెల్లవారుజామున టాఫియర్డులోనికి ఇరువది లక్షల ఘనమీటర్లకు తక్కువ కాని రాయి పడినది. కొండకెదురుగా అల 60 మీటర్లకు పైగా లేచెను. రెండు పల్లెలలో నిదురించుచున్నవారిలో 40 మంది మరణించిరి. ఫియర్డు ఇరుకుగా నుండుటచే అల వ్యాపించుటకు చోటులేదు. కాలువలో తోసిన నీటివలె అది కొనవరకు పరుగెత్తును. ఆ యందమునకు ఏది కారణమో ఆ యాపదకును అదియే కారణము.

టాఫియర్డు, గైరాంగర్ ఫియర్డు రెండును ఒకే పెద్ద ఫియర్డునకు శాఖలు. గైరాంగర్ శాఖ కలియు సన్నిల్వ్ ఫియర్డు పడమటి గట్టున ఓకర్నెసెట్ అను కొండ కలదు. దాని పైభాగమున పొడవైన పగులు ఏర్పడినది. కదలుచున్న రాతి పరిమాణము ఐదుకోట్ల ఘనమీటర్లకు పైబడునని శాస్త్రజ్ఞుల గణనము. అనగా టాఫియర్డున పడినదానికి ఇరువదిరెట్ల ప్రాంతము. పగులు సంవత్సరమునకు కొన్ని సెంటీమీటర్లు వెడల్పగుచున్నది. కొండ యంతయు ఒక్కసారిగా జారినచో హెల్లెసిల్ట్, గైరాంగర్ ఊళ్ళను అల చేరుటకు పట్టునది కొద్ది నిమిషములే. అందుచే 2004నుండి ఆ కొండను రోగి మంచమువలె రాత్రింబవళ్ళు కనిపెట్టుచున్నారు. పగులునకు అడ్డముగా కొలతకమ్ములు, త్రవ్విన గొట్టములలో పరికరములు, ఎదుటిగట్టునుండి రాడారు, పైనుండి ఉపగ్రహములు. పెద్దకొండ పడుటకు ముందు కదలిక వేగము హెచ్చుననియు, కొన్నిదినములు ముందుగనే ఊళ్ళను ఖాళీచేయింపవచ్చుననియు వారి నమ్మకము. ఇదే విషయముపై 2015లో నార్వేలో తీసిన చలనచిత్రమున జనులకు పదినిమిషముల వ్యవధి మాత్రమే చిక్కును. చలనచిత్రమునకు అది అవసరము. పరికరములు పెట్టినవారి శ్రమయంతయు అట్లు కాకుండుటకే.

ఫియర్డునకు మరియొక భారము యాత్రికులు. గైరాంగర్ ఊరిలో స్థిరనివాసులు రెండు మూడు వందలమంది. వేసవిలో ఒక్క పెద్ద ఓడ దింపు జనము దానికి పదిరెట్లు. గాలి కదలని దినములలో ఆ ఓడల పొగ కొండగోడల నడుమ తెరవలె నిలిచిపోయెడిది. 2018లో నార్వే పార్లమెంటు వారసత్వ ఫియర్డులలోనికి పొగవిడుచు ఓడలను రానీయరాదని తీర్మానించినది. తరువాత గడువు రెండుగా విభజింపబడినది: పదివేల టన్నుల లోపువాటికి 2026 జనవరి 1, అంతకు మించినవాటికి 2032. ఎక్కువ పొగ విడుచు పెద్ద ఓడలకే ఎక్కువ గడువు దొరకుట గమనింపదగినది. అయినను చెప్పినది చేయవచ్చునని వారు నిరూపించుకొనిరి. 2015లోనే సోగ్నె ఫియర్డును దాటించు బల్లకట్టు ఓడ ఒకటి కేవలము బ్యాటరీలతో నడచుట కారంభించెను. మోటారుకార్లను మోయు అట్టి ఓడలలో ప్రపంచమున అది మొదటిది. 2018నుండి ఫ్లోమ్, గుడ్‌వాంగెన్‌ల నడుమ యాత్రికుల పడవయు విద్యుత్తుతో నడచుచున్నది. ఇంజను చప్పుడు లేకుండుటచే జలపాతముల ధ్వని ముందుగా వినబడును.

ఆ విద్యుత్తు ఎక్కడిది? కొండనీటిదే. ఇచ్చట ఒక కష్టమైన లెక్క యున్నది. నార్వే విద్యుత్తులో అత్యధికభాగము జలశక్తివలన లభించుచున్నది. ప్రతి విద్యుత్కేంద్రము వెనుక గొట్టములోనికి మరలించిన జలపాతమొకటి యుండును. 1970 వేసవిలో రోమ్స్‌డాల్ ప్రాంతమున మార్డోలా జలపాతమును మరలింపబూనగా జనులు పనిచోట దారికడ్డముగా కూర్చుండిరి. వారిలో ఆస్లో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యుడుగా పనిచేసిన ఆర్నె నేస్ ఒకడు. 1950లో చిత్రాల్ సీమలోని తిరిచ్‌మీర్ శిఖరమును మొదట అధిరోహించిన నార్వే దళమునకు నాయకుడతడే. గాంధీజీపై గ్రంథములు వ్రాసి, సత్యాగ్రహమును సూత్రబద్ధముగా అధ్యయనము చేసినవాడు. చదివినదానిని అచ్చట ఆచరించెను. పోలీసులు అతనిని, తక్కినవారిని ఒక్కొక్కరిగా ఎత్తుకొని తరలించిరి. ఎవరును చేయి ఎత్తలేదు. విద్యుత్కేంద్రము మాత్రము నిర్మింపబడినది. నేడు మార్డోలా జలపాతము వేసవిలో కొన్ని వారములు, యాత్రికులు వచ్చు కాలమున, దూకుటకు విడువబడును. తక్కిన కాలము దాని నీరు సొరంగములోనే దిగును.

గైరాంగర్‌నుండి తిరిగివచ్చువారు 1955లో తెరచిన గ్రద్దల దారిని ఎక్కుదురు. పదునొకండు మెలికలు. ఆ దారి పడువరకు శీతకాలమున ఆ ఊరికి బండిరాక లేకుండెను. చివరి మెలికయొద్ద బస్సు ఆగును. అచ్చటినుండి ఏడుగురు అక్కచెల్లెండ్రు, క్నీవ్స్‌ఫ్లో ఇండ్ల కప్పులు, క్రింద బొమ్మపడవవలె ఓడ కనబడును. అవతలి మలుపునకు వెనుక ఓకర్నెసెట్ నిలిచియున్నది. అది ఇచ్చటినుండి కనబడదు. ఊరిలో సైరను స్తంభము మాత్రము బడికిని, అంగడికిని కనబడునట్లే నిలిపిరి. అది మ్రోగినచో ఏ దారిని పైకెక్కవలెనో అచ్చటివారికి తెలియును. యాత్రికులకు హోటలువారు చెప్పుదురు.